సొట్టపడ్డ పెగ్గు కొలత

నేను ఒక పెగ్గు కొలతను. అరచేతిలో ఇమిడిపోయే స్టీలు ముక్కను. నాకు రెండు నోళ్లు, మధ్యన సన్నటి నడుము. ఢమరుకాన్ని నిలబెట్టినట్టు ఉంటాను. చిన్న నోరు ఒక పెగ్గుకు, పెద్ద నోరు రెండు పెగ్గులకు. కడుపులో ఏదీ దాచుకోను. పోసింది పోసినట్టే వంపేస్తాను. అందుకే నాకు రుచులు తెలియవు. చేతులు మాత్రం తెలుసు.

పుట్టింది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. గిలాసలకు కోయగా మిగిలిన రేకును తిరిగే అచ్చు మీద పెట్టి నొక్కారు. నన్ను చేసినాయన మందు వాసన కూడా పడని మనిషి. నాలో మంచినీళ్లు నింపి, వెలుతురుకు పట్టి చూసి, "సరిపోయింది" అన్నాడు. నేను విన్న మొదటి మాట అదే. ఆ మాట మీదే బతుకుదామనుకున్నాను.

మొదట నన్ను కొన్నది నర్సింగరావు. హనుమకొండలో పర్మిట్ రూం నడిపేవాడు. పొద్దున్నే లక్ష్మీదేవి పటానికి అగరొత్తులు చూపించి, నన్ను కళ్లకద్దుకునేవాడు. ఆ కళ్లకద్దుకున్న చేత్తోనే ఒకనాడు చిన్న సుత్తి తీసుకుని నా పెద్ద నోటి పక్కన ఒక్కటి కొట్టాడు. లోపలికి సొట్ట పడింది. అంతమేర మందు పట్టడం తగ్గింది.

"చిన్నది కూడా కొట్టకపోయినవా సేటు?" అని అడిగాడు పక్కనున్నవాడు.

"చిన్న పెగ్గు తాగెటోడు కండ్లు పెట్టుకొని చూస్తడు. పెద్ద పెగ్గు తాగెటోడు పైకి చూస్తడు, కొలత దిక్కు చూడడు" అన్నాడు నర్సింగరావు.

అట్లా నాకు ఒక నోరు నిజం, ఒక నోరు అబద్ధం అయ్యాయి. మనుషులకైతే రెంటికీ ఒకే నోరు సరిపోతుంది.

అక్కడ మందు పోసే సైమన్ ఒకప్పుడు సికింద్రాబాద్‌లో పెద్ద హోటల్ బార్‌లో పనిచేసినవాడు. తాగుడు ఆయన్ని అక్కడినుంచి ఇక్కడిదాకా దించింది. ఒక మధ్యాహ్నం ఒక హమాలీ వచ్చి రెండు పెగ్గులు అడిగాడు. సైమన్ పెద్ద నోటితో పోశాడు. హమాలీ గ్లాసు పైకెత్తి ఒకసారి చూశాడు. తగ్గిందని తెలిసింది. తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. సైమన్ నన్ను జేబులో వేసుకుని ఆ వెనకే బయటికి నడిచాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మళ్లీ తాగనూ లేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆయన హోటల్ పనివాళ్లకు బార్ పని నేర్పే శిక్షణ కేంద్రంలో సారు అయ్యాడు. అక్కడ నిమ్మకాయలు, పుదీనా, పంచదార పాకం, ఐసు అసలువి. మందు మాత్రం ఉత్తదే. చాయ్ డికాక్షన్ రమ్ము, మంచినీళ్లు వోడ్కా. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా సారు నన్ను ఎత్తి చూపించేవాడు.

"ఈ పెద్ద నోరు మోసం. దీంతో ఎవరూ పోయొద్దు. రెండు పెగ్గులు కావాలంటే చిన్న నోటితో రెండుసార్లు పోయండి."

రేణుక వచ్చింది ఆ కేంద్రానికే. జనగామ వైపు కల్లుగీత పనివాళ్ల ఇంటి పిల్ల. పెళ్లిళ్లలో వడ్డనకు, తర్వాత ఒక లాడ్జిలో టేబుళ్లు తుడిచే పనికి వెళ్లి, అక్కడినుంచి ఇటు వచ్చింది. మొదటి రోజే సారు అడిగాడు, ఈ పనికి ఎందుకొచ్చావమ్మా అని.

"మా నాయన తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు సార్. కాలు అతికింది గని వంకర. నాకు నౌకరి రాకపోతే మళ్ల మోకు కట్టుకొని ఎక్కుత అంటుండు. ఎక్కితే ఈసారి దిగడు."

తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పని మాత్రం చేసింది. నేను ఎన్నో చేతుల్లో తిరిగాను. వణికేవి, ఆత్రపడేవి, గొప్పకు పోయేవి. ఆ పిల్ల వేళ్ల మధ్య నా నడుము కదిలేది కాదు. అంచుదాకా నింపి, ఒక్క బొట్టు ఒలకకుండా షేకర్‌లోకి వంపేది. పక్కన నేర్చుకునే ప్రదీప్ ఏడిపించేవాడు.

"ఏం గౌడమ్మా, డికాక్షన్‌ను గూడ గంత ప్రేమగ పోస్తున్నవ్? రేపు ఓట్లప్పుడు బిర్యానీతో పాటు పంచుతవా?"

"నీ అసొంటోడు తాగితే డికాక్షన్‌కు గూడ నిషా ఎక్కుతది తీయ్" అనేది.

ఇంత నిలకడ ఎక్కడ నేర్చావని సారు అడిగితే, "నాయన కల్లు లొట్టి వంపుతుంటె చూసిన సార్. చెట్టు దిగినంక ఫస్టు కల్లు మట్టికే. ఎల్లమ్మకు సాక పోసినంకనే మనిషికి" అంది. సారు తలూపాడు. వేరే దేవుణ్ని కొలిచే మనిషి. అది ఊరి ముచ్చట అనుకున్నాడు. నేనూ అట్లే అనుకున్నాను.

పరీక్ష పెట్టింది ఒక పెద్ద హోటల్ వాళ్లు, వాళ్ల బార్‌లోనే. ఉన్నది ఒకటే ఉద్యోగం. మేనేజర్ మంచి మనిషిలాగే ఉన్నాడు. అద్దంలా మెరిసే బండల మీద ప్రదీప్, రేణుక నిలబడ్డారు. సారు నన్ను రేణుక చేతిలో పెట్టి, "చిన్న నోరే" అన్నాడు మెల్లగా.

ప్రదీప్ బాగానే చేశాడు. కాస్త ఒలికించాడు, తుడిచాడు.

రేణుక వంతు వచ్చింది. సీల్ తీయని రమ్ము సీసా ఇచ్చారు. ఇన్నాళ్లూ పోసింది చాయ్ నీళ్లు. ఇది అసలు మందు. మూత తిప్పగానే వాసన లేచింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. నన్ను నింపింది. షేకర్ దాకా పోలేదు. పక్కకు వంగి, నన్ను కొంచెం వంచి, రెండు మూడు చుక్కలు బండ మీద వదిలి, తల దించింది. మళ్లీ అంచుదాకా నింపి, ఒక్క బొట్టు జారకుండా షేకర్‌లో పోసింది. నిమ్మరసం, పాకం, ఐసు. కలిపిన కాక్‌టెయిల్‌కు వంక పెట్టడానికి లేదు.

మేనేజర్ బండ మీద తడి చూస్తున్నాడు. "ఒలికిందా?"

"మొదటిసారి అసలు మందు పట్టుకుంది సార్, చెయ్యి జారి ఉంటుంది" అన్నాడు సైమన్. "జారింది కదమ్మా?"

"జారితే పర్లేదు. ఎవరికైనా జారుతుంది" అన్నాడు మేనేజర్.

తలుపు తెరిచి పెట్టారిద్దరూ. ఆ పిల్ల అవునంటే చాలు. నన్ను పట్టుకున్న వేళ్లకు చెమట పట్టింది.

"జారలేదు సార్. పోసిన."

"ఎవరికి?"

"ఎల్లమ్మకు."

ఎవరూ నవ్వలేదు. ప్రదీప్ కూడా నవ్వలేదు.

"రేపు ఇక్కడ పనిచేస్తే, కొత్త సీసా తీసిన ప్రతిసారీ పోస్తావా?"

ఆ పిల్ల ఆలోచించింది. అబద్ధానికి సమయం ఉంది. "పోస్త సార్" అంది.

మేనేజర్ ప్రదీప్‌ను తీసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. చుక్క చుక్కకూ జవాబు చెప్పుకోవలసినవాడు.

బస్టాండు దాకా సారు నడిచి వచ్చాడు. "జారిందంటే అయిపోయేది కదమ్మా."

"నాయన పడ్డనాడు దవాఖాన బయట మట్టిల నీళ్లు పోసి మొక్కిన సార్. ఇయ్యాల జారిందంటే, ఆనాడు పోసింది గూడ జారిందే అయితది."

సారు నన్ను తీసుకుని జేబుగుడ్డతో తుడిచాడు. బస్సు కదిలే ముందు కిటికీలోంచి నన్ను అందించాడు. "ఇంట్లో నీళ్లతో పోస్తూ ఉండు. చెయ్యి మరిచిపోకూడదు."

ఆమె తండ్రి బుచ్చయ్య గౌడ్ జరిగిందంతా విని, వంకర కాలు ఒత్తుకుంటూ అన్నాడు: "నేను పడ్డనాడు గూడ ఫస్టు చెట్టు దిగి సాక పోసిన బిడ్డా. పోసినా పడ్డ."

"పడ్డా బతికినవ్ గద నాయినా."

ఆయన తెల్లారి దూలానికి వేలాడుతున్న మోకు తీశాడు. ఆ పిల్ల అడ్డం పోలేదు. ఇంట్లో బియ్యం సంగతి ఇద్దరికీ తెలుసు. ముడులన్నీ తనే లాగి చూసి, ఆయన వెనకాలే తాటివనానికి నడిచింది.

ఆనాటి నుంచి పొద్దుపొద్దున నా చోటు ఆ పిడికిలి. ఆయన పైనున్నంతసేపు రేణుక చెట్టు కింద నిలబడే ఉంటుంది. మోకు మాను మీద గీసుకునే చప్పుడు ఆగితే పిడికిలి బిగుస్తుంది. మళ్లీ వినపడితే వదులవుతుంది. ఆయన దిగాక లొట్టిలోంచి నన్ను నింపి నేల మీద వంపుతుంది. సొట్ట ఉన్న పెద్ద నోటితోనే. ఎన్నాళ్లుగానో ఎవరూ వాడని నోరు అది. తక్కువైందని ఆ మట్టి ఎన్నడూ నన్ను అడగలేదు.

మొన్న సారు ఫోన్ చేశాడు. సంక్రాంతి దాటాక ఇంకో హోటల్ వాళ్లు వస్తారట, వస్తావా అని.

"వస్త సార్. ఈసారి ముందుగాల్నే అడిగి పోస్త."

"వద్దంటే?"

"బయటికి పోయి మట్టిల పోసొస్త. సీసా నాతోటి ఇస్తరో లేదో అడుగుండ్రి."

ఫోన్‌లో సారు నవ్వు వినిపించింది. ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు.

ఇవాళ మంచు పట్టి మాను తడిగా ఉంది. బుచ్చయ్య గౌడ్ ఎక్కి చాలాసేపయింది. చప్పుడు ఆగిపోయి ఉంది. నా రెండు నోళ్లూ ఆ పిడికిట్లో మూసుకుపోయి ఉన్నాయి. గాలి కూడా లేదు.

ఇదిగో, మోకు గీసుకుంటోంది. కిందికి.