ఇంటి ఓటు

"రేడియోకి వెళ్తున్నాం కదా, ఆ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నాడు మా ఆయన. రేడియోలో చొక్కా ఎవరికి కనిపిస్తుందని అడగబోయి, ఇస్త్రీపెట్టె అందుకున్నాను. చేతులకి అంత అలవాటు. కోర్టులో అవతలి లాయరు వాక్యం పూర్తికాకముందే లేచి అభ్యంతరం చెప్పే మనిషిని నేను. ఇంట్లో మాత్రం నా అభ్యంతరాలన్నీ పెళ్లయినప్పటి నుంచి వాయిదా పడుతూనే ఉన్నాయి.

"పొద్దున్నే కంట్రాక్టరుకి ఫోన్ చేశాను. నా ఓటు నీకేరా అని చెప్పేశా" అన్నాడు, అద్దంలో జుట్టు సర్దుకుంటూ. "నువ్వు తప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. ఆ సంగతి ఇవాళ రేడియోలో నేనే చెప్తాలే."

ఈసారి శాసనసభకు ఎవరు నిలబడాలో ఆదివారం మా పార్టీ సభ్యులు ఓట్లేసి తేలుస్తారు. బరిలో ఉన్నది ఇద్దరం: మా ఆయన చిన్ననాటి స్నేహితుడు కంట్రాక్టరు, నేను.

"వాడు చెప్తాడులేమ్మా" అంది అత్తయ్య వంటింట్లోంచి. "నువ్వు పక్కన కూర్చుని నవ్వు చాలు."

నవ్వడం నాకు కొత్తా? కొత్తగా నల్లకోటు వేసుకున్నప్పుడు, "పిల్లలు పుట్టాక ఆ కోటు ఏ కొక్కేనికి తగిలిస్తావో చూస్తాం" అన్నారు మామగారు. నవ్వాను. కేసు గెలిచి వస్తే, "ఆ జడ్జికి జాలెక్కువ" అన్నాడు మా ఆయన. దానికీ నవ్వాను. రేడియోలో చట్టం గురించి చెప్పే కార్యక్రమం నాకిస్తే, "ఇంట్లో మా చెవులు చాల్లేదు, ఊరి చెవులు పట్టుకుంది" అని చుట్టాల ముందు జోకేశాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ కార్యక్రమానికి ఫోన్ చేసే ఆడవాళ్లు మాత్రం నవ్వేవాళ్లు కాదు. "మేడమ్, ఇల్లు నా పేరున కూడా రాయించుకోవచ్చా?" అని గుసగుసగా అడిగేవాళ్లు. కాస్త గట్టిగా మాట్లాడమ్మా అంటే, పక్కగదిలో ఆయనున్నారనేవాళ్లు. వాళ్లకి బోలెడు ధైర్యం నూరిపోసి, ఇంటికొచ్చి చల్లారిన కూర మాట్లాడకుండా వేడిచేసేదాన్ని. సిగ్గేసేది. చట్టాలు వివరిస్తే చాలదు, వాటిని రాసేచోటికి వెళ్లాలని నన్ను రాజకీయాల్లోకి తోసింది ఆ గుసగుసలే. మున్సిపాలిటీ ఎన్నికల్లో నేను గెలిచినరోజు పేపర్లో ఫొటో వేశారు. మధ్యలో మా ఆయన, అంచున నా సగం మొహం.

స్టూడియోలో మమ్మల్ని ప్రశ్నలడగబోయేది ఒకప్పుడు నేను పని నేర్పిన అమ్మాయే. ఎర్రలైటు వెలిగింది. మా మాటలు నేరుగా ప్రసారమవుతున్నాయి.

"ఇల్లు, కోర్టు, రాజకీయం... ఎలా నెగ్గుకొస్తున్నారు మేడమ్?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "వెనకుండి నడిపించేది నేనేనండీ. ఆవిడకి కాస్త ఆవేశం ఎక్కువ. అందుకే ఆదివారం సంగతి మేమిద్దరం కూర్చుని ఆలోచించి..."

ఎక్కడ కూర్చున్నాం? నేను నిలబడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను కదా! ఒళ్లు మండిపోయింది.

"ఒక్క ప్రశ్న" అన్నాను. నాకు తెలియకుండానే కోర్టు గొంతు వచ్చేసింది. "ఆదివారం మీ ఓటు ఎవరికండీ?"

ఆయన నవ్వేశాడు. "ఓటు రహస్యం కదా. లాయరువి, ఆమాత్రం తెలీదా?"

"రహస్యమైతే పొద్దున్నే కంట్రాక్టరుకి ఎలా చెప్పారు?"

స్టూడియో మూగబోయింది. రేడియోలో నిశ్శబ్దం అంటే ప్రాణం పోయినట్టే. ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడి పూడ్చాలి. ఆ అమ్మాయి బెదురుగా నావైపు చూసింది. ఇన్నేళ్లూ ఆయన తడబడ్డ ప్రతిచోటా మాట అందించింది నేనే. చుట్టాల పేర్లు, పిల్లల తరగతులు, సభల్లో మర్చిపోయిన వాక్యాలు, అన్నీ. బల్లకింద ఆయన నా మోకాలు నొక్కాడు, ఏదో ఒకటి అను అన్నట్టు. నేను కుర్చీ జరుపుకున్నాను. ఊరంతా ఆ నిశ్శబ్దాన్ని తీరిగ్గా విననిచ్చి, అప్పుడు మైకు నావైపు తిప్పుకున్నాను.

"నేను తప్పుకోవడం లేదు. మా ఇంట్లోనే నాకు ఒక ఓటు తగ్గింది, ఇప్పుడు మీరే విన్నారు. మిగతావి అడగడానికి రేపు మీ ఇళ్లకి వస్తున్నాను. పక్కగదిలో ఎవరున్నా సరే, తలుపు తియ్యండి."