కత్తెర ఆగిన కుర్చీ

శాసనసభ్యుడు పదకొండేళ్ల తర్వాత ఆ సెలూన్ గడప తొక్కాడు. జుట్టు కోసమని డ్రైవరుతో చెప్పాడు గానీ, ఇప్పుడు జుట్టు కత్తిరించే మనిషి ఇంటికే వస్తాడు. వచ్చిన పని వేరు. మర్నాడు సభలో చిన్న ఆసుపత్రుల మూసివేత మీద ఓటింగు. ఈ వీధి చివర ఉన్న పన్నెండు పడకల ఆసుపత్రి కూడా ఆ జాబితాలో ఉంది. మూసేద్దామని పార్టీ నిర్ణయం. ఎదురు తిరిగితే వచ్చే ఎన్నికల్లో టికెట్టు గల్లంతే. అందుకే మూసివేతను సమర్థిస్తూ మూడు పేజీల ప్రసంగం రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

గది ఏమీ మారలేదు. అంచు పగిలిన అదే అద్దం, మీట నొక్కితే మూలిగే అదే కుర్చీ, అదే పటిక ముక్క. పౌడరు వాసన ముక్కుకు తగలగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వీధి వీధంతా కత్తెర మామ అని పిలిచే పెద్దాయన మాత్రం బాగా ఒంగిపోయాడు.

"కూర్చో అల్లుడూ. కత్తిరించడానికి ఇంకా ఏమన్నా మిగిలిందేమో చూద్దాం" అన్నాడు మామ.

శాసనసభ్యుడు నవ్వాడు. ఇలా ఆటపట్టించేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

మొదటిసారి గెలిచిన రోజుల్లో, సభలో ఏం మాట్లాడాలన్నా ముందు ఈ కుర్చీలో మాట్లాడి చూసుకునేవాడు. బస్సు చార్జీలు, మంచినీళ్ల పైపులు, రాత్రి బడులు, అద్దె ఇళ్ల చట్టం, దేని మీదైనా సరే తన వైఖరేమిటో ఇక్కడే తేలేది. మామ బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. మాట నచ్చకపోతే కత్తెర ఆగిపోయేది, అంతే. ఒకసారి అద్దెల గురించి గోడ మీద పిల్లిలా మాట్లాడితే, సగం తల వదిలేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ సగం తలతోనే కూర్చుని ప్రసంగమంతా కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు తను. ఎంత మంచి రోజులవి.

ఇప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు. "డాక్టర్లు చాలడం లేదు మామా. చిన్నవన్నీ మూసేసి, ఊరి బయట ఒక పెద్దది కడితే..."

కత్తెర ఆగలేదు. మూడు పేజీల సారమూ చెప్పేశాడు. అయినా ఆగలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది. ఎందుకో కాస్త దిగులు కూడా వేసింది.

మామ ముందుకొచ్చి, నుదుటి మీది వెంట్రుకలు దులిపాడు. "ఇందాకట్నుంచీ నీ పెదాలు కదుల్తున్నాయి, ఏమన్నా అంటున్నావా? నాకు చెవులు పోయి నాలుగేళ్లయింది. గట్టిగా చెప్పు."

వెనక బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడి చొక్కా జేబులోంచి ఆసుపత్రి చీటీ తొంగిచూస్తోంది.

"ఆసుపత్రి..." అని గట్టిగా అన్నాడు. ఇందాక అంత సాఫీగా వచ్చిన మాట, ఆ అద్దం ముందు కేకేసి చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మామ వింటున్నాడు. కత్తెర ఆగింది.

"ఆసుపత్రి మూయనివ్వను మామా" అని అరిచాడు. వీధిలో నిలబడ్డ డ్రైవరు కూడా ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు. "రేపు మూయొద్దనే ఓటేస్తా."

"ఇది వినబడింది" అని మామ రెండో వైపు జుట్టు అందుకున్నాడు.