పుస్తకంలోకి ఇంకా రాని మాట

ఆ పొద్దు సూర్యుడు కనబడలేదు. తూరుపున మబ్బు తడిసిన గోనెలా వేలాడుతోంది గాని చుక్క రాలడం లేదు. నేను కోళ్లకి నూకలు జల్లుతుంటే మా బావ గణపతిరావు మాస్టారు వాకిట్లోకొచ్చాడు. నా పెళ్లాం దాలమ్మకి సొంత అన్న. చంకలో ఇంగ్లీషు డిక్షనరీ, చేతిలో మా నీలవేణి పరీక్ష కాగితం.

"ఒరే కూర్మయ్యా, నీ కూతురు నన్ను ఎక్కిరించింది. రాజాం హైస్కూలుకి దీని పేరు పంపను."

కోడి గురించి ఐదు వాక్యాలు రాయమన్నాడట. నాలుగు బాగానే రాసి, ఐదోది 'మా కోడి గ్రూవీ' అని రాసిందట.

"ఆ మాట ఇంగ్లీషులో లేదు. రెండుసార్లు ఎతికేను."

రాజాం వెళ్లకపోతే పిల్ల చదువు ఏడో తరగతితో సరి.

"దొర అంటాడు మావా," అంది నీలవేణి తలుపు చాటునుంచి. "గుడ్డు పెద్దదైనా అంటాడు, వానొచ్చినా అంటాడు."

దొరంటే ఆ అరవైల్లో తెల్లకోళ్ల పెంపకం నేర్పడానికి అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు. మా వీధిలోనే మకాం. వెళ్లి పిలుచుకొచ్చాను. కాగితం చూసి నవ్వాడు.

"మంచి మాటే. కరక్టే."

"ఏ పుస్తకంలో ఉన్నాది?" అన్నాడు బావ.

"పుస్తకంలోకి ఇంకా రాలేదు. కొత్తది. మా అమ్మకీ తెలీదు."

"మరి పెట్టిందెవరు?"

"పిల్లలే. ఆళ్లూ ఆళ్లూ అనుకుంటే వస్తాది." మా యాస అతని నోట్లో పడిపోయింది.

బావ అరుగుమీద కూలబడ్డాడు. తండ్రి పోయిన రోజు కూడా ఆయన మొహం అలా పాలిపోలేదు.

"ఇదేటి? ఇంగ్లీషుకి కూడా పుస్తకంలో లేని మాటలా?"

తెలుగు పేపర్లో 'ఏమిటి' బదులు 'ఏటి' అని రాసినందుకు మా పిల్ల అరచేతులు కందించిన మనిషి. ఆ మాట తన నోటే వచ్చిందని కూడా ఆయనకి తెలీలేదు.

బావ డిక్షనరీ ఆఖరి తెల్లకాగితం తీసి, ఎర్రసిరా పెన్ను విప్పాడు.

"అర్థం సెప్పే, నీలవేణీ."

పిల్ల ఆలోచించింది. "మనసుకి నచ్చినప్పుడు అనేది, మావా."

అలాగే రాసుకుని, సిరా ఆరేదాకా ఊదాడు. తరవాత పరీక్ష కాగితం మీద తను వేసిన సున్నాని అడ్డంగా కొట్టేశాడు.

"సోమారం రాజాం ఎల్దాం. పిల్లని తయారు సెయ్యి."

దాలమ్మ గంజన్నం పెట్టింది, వేయించిన నెత్తళ్ల చేపలు వేసింది. నలుగురం ఒకే వరసలో కూర్చున్నాం. ఒక నెత్తలి నమిలి దొర "గ్రూ..." అనబోయాడు. బావ మొహం చూసి నోరు మూసుకుని, ఇంకో నెత్తలి తీసుకున్నాడు.