సూది పడని జబ్బలు

మునెమ్మను చంపింది ప్లేగు కాదు, మీరు. ఏటి ఒడ్డున నీడ చూసుకుని, బండ మీద పులిజూదం గీసుకుని కూర్చున్న ఇరవైమంది మగవాళ్ళు. అందులో నా మొగుడు ఆదెప్ప ఉన్నాడు, దాని మొగుడు గంగప్ప ఉన్నాడు, నిరుడు కుప్పం స్టేషన్లో స్వరాజ్యం కావాలని గొంతు చించుకున్న ఊరిపెద్ద బైరప్ప ఉన్నాడు. పేర్లు పెట్టే చెబుతున్నాను.

ఊళ్ళో ఎలుకలు రాలిన రోజే ఇళ్ళకు తాళాలేసి పాలారు ఒడ్డుకు వచ్చేశాం. ఈ చుట్టుపట్ల ప్లేగు వస్తే ఏ ఊరైనా అంతే, రెండు నెలలు ఆరుబయట గుడిసెల్లో బతకాలి. మగవాళ్ళు నాలుగు గుంజలు పాతి, బోదగడ్డి కప్పి, తమ పని అయిపోయిందన్నారు. మా పని అప్పుడే మొదలు. ఎండిన ఏట్లో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడాలి. కడవ నిండేసరికి నడుము విరుగుతుంది. మూడు రాళ్ళ పొయ్యిలో మంట గాలికి నిలవదు. కొంగు అడ్డం పట్టుకుని సంగటి కెలికితే, "ఇసక కరకరమంటాది, కండ్లు యాడ పెట్టుకోనుండావు మే?" అంటాడు ఆదెప్ప. ఒళ్ళు కడుక్కోవడానికి మరుగు లేదు. ముట్టయితే గుడిసె నీడ కూడా లేదు, కాలే ఇసుకలో కూర్చోవాలి. ఒక్కసారి కష్టమన్నందుకు అత్త పాపక్క, "అందురూ ఈడనే ఉండారు, నీ ఒక్కదానికే ముండ్లు గుచ్చుకుంటాయా?" అంది.

మూడో రోజు కుప్పం నుంచి ప్లేగు సూది వేసే ఆయన వచ్చాడు. మగవాళ్ళందరి జబ్బలకూ వేశాడు. మా వైపు తిరిగేసరికి బైరప్ప అడ్డం నిలబడ్డాడు.

"మా ఆడోళ్ళు పరాయి మొగోడికి జబ్బ సూపించేది లేదప్పా. నువ్ బయల్దేరు."

నా తోడికోడలు మునెమ్మ ఊరుకోలేదు. "నాట్లకు దిగితే జబ్బేంది మామా, మోకాలు గూడా ఊరంతా సూస్తాది. ఆడ పోని మానం సూదికాడ పోతాదా?"

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. గంగప్ప విసిరిన చెంబు మునెమ్మ భుజానికి తగిలింది. నవ్వు ఆగిపోయింది. నేను నోరు తెరవలేదు. పెద్దకోడల్ని, ఒక్క మాట తోడు వేసి ఉంటే ఇంకో నలుగురు వేసేవారేమో. వెయ్యలేదు. దెబ్బకు భయపడ్డాను, అంతే. సూదాయన పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజుకు రాగులు అయిపోయాయి. గింజలన్నీ ఊళ్ళో, ఇంటి గరిసెలో ఉన్నాయి. మా ఇళ్ళలో గరిసెలో మగవాడు చెయ్యి పెట్టడు, పెడితే ధాన్యం నిలవదట. తీసేది కోడలే. నాకు కాలిలో ముల్లు దిగి చీము పట్టింది, లేకుంటే నేనే పోవాలి. "నువ్ కూసో అక్కా, బిరీన వస్తా" అని మునెమ్మ గంప ఎత్తుకుంది. సూది పడినవాళ్ళు ఒడ్డున కూర్చున్నారు. సూది పడనిది చచ్చిన ఎలుకల మధ్యకు పోయి గంపెడు రాగులు తెచ్చింది.

వచ్చిన నాలుగో రోజుకు దానికి జ్వరం, గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ. దిగువన వేరే గుడిసె వేసి దాన్ని అందులో పడేశారు. గంగప్ప అటు తొంగిచూడలేదు. నీళ్ళు తాపింది నేను, గుడ్డలు ఉతికింది నేను. పిచ్చిమాటల మధ్య ఒక్కసారి తెలివిగా నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఈసారి గింజలకు ఎవురు పోతారు?" అని అడిగింది. అది మూడు రోజులకు పోయింది. నిన్న దాన్ని పూడ్చి వచ్చి, అది తెచ్చిన రాగులతోనే సంగటి కెలికి మీకు పెట్టాను. తిన్నారు. గంగప్ప ఇంకో ముద్ద అడిగాడు.

ఈ పొద్దు అత్త, "గింజలు రేపటికే ఉండాయి. సెంగిని పంపు. సిన్న కాళ్ళు, ఉరుక్కుంటా పోయి వస్తాది" అంది. చెంగి నా కూతురు. పన్నెండేళ్ళది.

ఆదెప్ప తల ఎత్తకుండా పులిని ఒక గడి జరిపి, "పంపు మరి" అన్నాడు.

గంప తెచ్చి ఆ బండ మీద పడేశాను. కాయలన్నీ చెదిరిపోయాయి.

"ఏందే ఇది?"

"నువ్ పో. నీకు సూది పడింది."

"గరిసెలో మొగోడు చెయ్యి పెడితే గింజ నిలుస్తాదా?"

"గింజ పోతే మళ్ళా పండిస్తాం. బిడ్డ పోతే?"

చెయ్యెత్తాడు. కొట్టు, కానీ ముట్టుకునే ముందు తెలుసుకో, తెల్లవారినప్పటినుంచి నా గజ్జల్లో కూడా గడ్డ ఉందన్నాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నాలుగడుగులు వెనక్కి వేశాడు. పదిహేనేళ్ళ కాపురంలో నన్ను చూసి అతను వెనక్కి తగ్గడం అదే మొదలు.

నా కోసం అడగడం లేదు. ఇక ఆ సూది నాకు పనికిరాదు. బైరప్పా, కుప్పం ఏడు మైళ్ళు. సూదాయన రేపు పొద్దెక్కేలోగా ఇక్కడ ఉండాలి. చెంగి జబ్బతో మొదలుపెట్టి ఈ ఒడ్డున ఉన్న ప్రతి ఆడదానికీ సూది పడాలి. గింజలకు మీరే పోవాలి, ఏ ఆడపిల్లా పొలిమేర తొక్కకూడదు. ఊరికి పోయే బాటకు అడ్డంగా పడుకున్నాను. నా పిల్లను అటు తోలాలంటే ముందు నన్ను పట్టుకుని లేపాలి. ఎవరు ముట్టుకుంటారో రండి. ముట్టుకునే ధైర్యం లేకపోతే, లేచి కుప్పానికి నడవండి. ఇప్పుడే.