గీత పడని బంపరు

నేను ఒక ఫియట్ కారుని. బొంబాయిలో పుట్టాను. పుట్టడం అంటే మీలాగా ఒకరి ఒళ్లోకి జారడం కాదు. చల్లటి రేకు మీద ఇల్లంత మిషను వచ్చి పడితే అది నా పైకప్పయింది. ఇంకో దెబ్బకి తలుపులయ్యాయి. ఆ తర్వాత నిప్పుతో అతికారు. కాబట్టి దెబ్బలంటే నాకు కొత్తకాదు. మనుషులు కొట్టే దెబ్బలే నాకు చాలాకాలం అర్థం కాలేదు.

సాలూరులో లారీలున్న ఆసామి ఒకాయన నన్ను మొదట కొన్నాడు. మోజు తీరాక భూషణం గారికి అమ్మేశాడు. భూషణం గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఊళ్లవాళ్లు మాత్రం డాక్టరుగారూ అనే పిలిచేవాళ్లు. నా డిక్కీలో ఎప్పుడూ మందు సీసాలూ పలుపుతాళ్లూ ఉండేవి. కాలు విరిగిన దూడలు కూడా నా వెనక సీటెక్కి ప్రయాణం చేశాయి. ఆయన కూతురు నీలవేణి ఆ వాసనకి ముక్కు మూసుకునేది, అయినా ముందు సీటు వదిలేది కాదు. అదృష్టవశాత్తూ ఆ రోజు బడికెళ్లింది.

ఆ రోజు పాతవలస దగ్గర మా ముందు వెళ్తున్న లారీ ఒక చిన్నపిల్లని కొట్టేసి ఆగకుండా పోయింది. భూషణం గారు బ్రేకు తొక్కారు. పరిగెత్తుకెళ్లి పిల్లని ఎత్తుకొచ్చి నా వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఆయన చుట్టూ తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చునేసరికి పొలాల్లోంచి జనం వచ్చిపడ్డారు. వాళ్లకి కనబడింది ఏమిటి? రక్తంలో పిల్ల, చొక్కా నిండా రక్తంతో ఒక మనిషి, ఒక కారు. మిగతా కథ వాళ్లే అల్లుకున్నారు. మనుషులు ఆ పని చాలా తొందరగా చేస్తారు.

"నేను కాదు! ఆసుపత్రికి పోనివ్వండి!" అని ఆయన అరిచారు. మొదటి గునపం దెబ్బ నా పైకప్పు మీద పడింది. తర్వాత అద్దాలు పోయాయి. ఆయన స్టీరింగు పట్టుకుని వదల్లేదు. అది వంగిపోయేదాకా లాగి, పగిలిన అద్దంలోంచే ఆయన్ని బయటికి ఈడ్చారు. బయట ఏం జరిగిందో నాకు కనబడలేదు, వినబడింది. సాయంత్రానికి ఆయనా, ఆ పిల్లా ఇద్దరూ పోయారు.

ఎవరు కొట్టారని పోలీసులు అడిగితే ఊళ్లో ఒక్కరూ చూడలేదట. పిల్లని గుద్ది చంపింది మాత్రం భూషణం గారేనని అందరూ చూశారట. కొన్నాళ్లు స్టేషను వెనక పడేసి, తర్వాత నన్ను లాక్కొచ్చి భూషణం గారి ఇంటి పెరట్లో దించారు.

అక్కడ నేను తుప్పు పట్టడం మొదలుపెట్టాను. వానలకి నేల రేకు పోయింది. తలుపుల కింద పట్టీలు చెదలు తిన్న కర్రలా పొడిపొడిగా రాలాయి. ఇంజను మీద కోళ్లు పొదిగాయి. భూషణం గారి భార్య పెరట్లోకొచ్చినా నా వైపు చూసేది కాదు, ఎవరినీ నన్ను ముట్టనిచ్చేది కాదు. నీలవేణి బడికెళ్తే "పిల్లని తొక్కించినోడి కూతురు" అన్నారు. అన్నవాడి పన్ను రాలగొట్టి ఇంటికొచ్చింది. అలా కొడుతూనే పెరిగి హైస్కూల్లో డ్రిల్లు టీచరైంది. ఆమె ఈల వింటే మగపిల్లలు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాళ్లు.

తల్లి పోయాక నీలవేణి ఒక గ్రైండరూ చిన్న వెల్డింగు మిషనూ కొనుక్కొచ్చింది. నన్ను బాగుచెయ్యడానికి అనుకోకండి. ముక్కలు చెయ్యడానికి. ఎవరికైనా ఇచ్చి తీసుకుపొమ్మనొచ్చు కదా? లేదు, తన చేత్తోనే కొయ్యాలి. గ్రైండరు చక్రం నా తలుపు కింద పట్టీలో దిగినప్పుడు నిప్పురవ్వలు ఆమె చేతుల మీద పడ్డాయి. విదిలించుకోలేదు. పళ్లు బిగించి కోసింది. పట్టీ తెగగానే నా నడుం కుంగింది. తలుపు గడపలో ఇరుక్కుపోయింది.

నీలవేణి మిషను ఆపి వంగిపోయిన నన్ను చాలాసేపు చూసింది. తర్వాత జాకీ తెచ్చి నా కింద పెట్టి పైకెత్తడం మొదలుపెట్టింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలీదు. నన్నడిగితే, అలవాటు. గూనిగా నిలబడ్డ ప్రతి పిల్లాణ్ణీ వీపు మీద చరిచి నిటారుగా నిలబెట్టడం ఆమె ఉద్యోగం.

ఆ రోజు నుంచి అతకడం మొదలైంది. అదీ కొట్లాటలాగే ఉండేది. పల్చటి రేకు మీద వెల్డింగు రాడ్డు పెట్టగానే రేకు కరిగి బొక్క పడేది. బొక్కని పూడ్చబోతే పెద్దదయ్యేది. ఆమె తిట్టుకుంటూ సుత్తి విసిరికొట్టేది, మళ్లీ వెళ్లి తెచ్చుకునేది.

ఒక ఆదివారం గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడ్డాడు.

"అమ్మా, గీత లాగీసినట్టు లాగకండి. సుక్క ఎట్టండి. సల్లారనియ్యండి. మళ్లీ సుక్క" అన్నాడు.

"ఎవరు నువ్వు?"

"గౌరునాయుణ్ణి. టింకరింగు పని సేస్తాను. ఈ కారు బాగు సేత్తన్నారని ఇన్నాను."

ఆ చెయ్యి నా పైకప్పు మీద ఆనగానే నేను గుర్తుపట్టాను. మొదటి గునపం పట్టుకున్న చెయ్యి అది. అప్పుడు కుర్రవాడు. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. గుర్తుపట్టి ఏం లాభం? హారను కూడా తుప్పు పట్టిపోయింది.

ప్రతి ఆదివారం వచ్చేవాడు. తలుపుల మధ్య ఇనప కడ్డీలు అడ్డంగా అతికి, నేను కుంగకుండా చేసి, పాత పట్టీలు కోసి కొత్తవి పెట్టించాడు. రేకు కింద దిమ్మె పెట్టి పైనుంచి కొడుతూ సొట్టలు తీసేవాడు. తను చేసిన సొట్టల్ని తనే తీస్తున్నాడు. ఆ దెబ్బలు కూడా నెప్పే. నీలవేణి అతనికి భోజనం పెట్టేది. బహుశా ఆమె తిట్టకుండా మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఇంజనూ స్టీరింగూ టైర్లూ ఒక మెకానిక్కు వచ్చి బాగుచేసి వెళ్లాడు. రేకు పనిలో ముందు భాగం చివరికి మిగిలింది. ఆమె బంపరు మీద తుప్పు గీకి, గుడ్డతో తుడిచి, అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది.

"నాయుడూ, ఇటు రా. చూడు. పైనంతా సొట్టలు, పక్కలంతా సొట్టలు. ముందు చిన్న గీత కూడా లేదు. దీపం పగల్లేదు. మరి మా నాన్న పిల్లని దేనితో గుద్దినట్టు?"

గౌరునాయుడు సుత్తి కింద పెట్టాడు.

"మీ నాన్నగారు గుద్దనేదమ్మా. లారీ గుద్దీసింది. ఆ బాబు పిల్లని ఎత్తుకొచ్చి కార్లో ఎట్టినారు. మాకు తర్వాత తెలిసింది. తెలిసినా ఎవులం నోరిప్పనేదు."

"మాకంటే?"

"పైన ఆ పెద్ద సొట్ట… అది నాను కొట్టిందే."

నీలవేణి సుత్తి ఎప్పుడు తీసిందో నాకు కనబడలేదు. అతని భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ తప్పి, బాగుచేసిన నా తలుపు మీద పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు, పారిపోలేదు. మూడోసారి ఎత్తి, సుత్తి గోడకేసి కొట్టి, "నా తండ్రిని చంపింది చాలక నన్ను ఇన్నాళ్లూ హంతకుడి కూతుర్ని చేశావురా!" అని అరిచింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

రంగు వెయ్యకుండానే, నల్లటి అతుకులతోనే నన్ను రోడ్డెక్కించింది. నేరుగా గౌరునాయుడి ఇంటికి పోనిచ్చింది. అతని చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది.

"ఎక్కు. నాకు చెప్పింది అక్కడ చెప్పు."

పాతవలసలో టీ దుకాణం ముందు ఆగాం. గౌరునాయుడు దిగి, నన్ను ఆనుకుని నిలబడి, అంతా చెప్పాడు. అతనితో పాటు గునపాలు పట్టినవాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు, ముసలివాళ్లయి. ఒకడు "ఒరే, నోరు ముయ్యి!" అన్నాడు. ఎవడో రాయి విసిరాడు, నా బానెట్టుకి తగిలింది. నీలవేణి జాకీ రాడ్డు తీసుకుని దిగింది. "ఇంకొక్క రాయి వెయ్యండి చూస్తాను" అంది. ఎవరూ వెయ్యలేదు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. ఆ పిల్ల తల్లి, అప్పలనరసమ్మ. ఆవిడ నీలవేణిని చూడలేదు. గౌరునాయుణ్ణే చూసింది.

"ఆ బాబు ఎత్తినప్పుడు నా కూతురికి పేనం ఉందేట్రా?"

అతను తల వంచుకున్నాడు.

"సెప్పు!"

"ఉందమ్మా. నీళ్లడిగింది. మా కేకల్లో ఎవులం ఇనిపించుకోనేదు."

నన్ను కొట్టిన ఆ రాయి నేల మీదే ఉంది. అప్పలనరసమ్మ రెండు చేతులతో ఎత్తి అతని మొహం మీద కొట్టింది. పడ్డాక కూడా కొట్టింది. ఏడవకుండా, అరవకుండా, పచ్చడి నూరుతున్నట్టు కొట్టింది. జనం కదల్లేదు. నీలవేణి కూడా కొంచెంసేపు కదల్లేదు. తర్వాత వెళ్లి వెనకనుంచి ఆవిణ్ణి నడుం పట్టుకుని లాగింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. అప్పుడు ఏడ్చింది ఆవిడ.

నీలవేణి లేచి, గౌరునాయుణ్ణి ఈడ్చుకొచ్చి నా వెనక సీటులో పడేసి సాలూరు ఆసుపత్రికి తోలింది. దారి పొడవునా అతన్ని తిడుతూనే ఉంది.

అతను బతికాడు. ఒక కన్ను పోయింది. నీలవేణి వాంగ్మూలం ఇమ్మంటే స్టేషనుకెళ్లి ఇచ్చాడు. అతను పేర్లు చెప్పినవాళ్లలో సగంమంది అప్పటికే చనిపోయారని అక్కడివాళ్లు చెప్పారు. ఆమె అతన్ని మళ్లీ గుమ్మం ఎక్కనివ్వలేదు. క్షమించిందా అని మీరు అడగొచ్చు. లేదు.

మొన్నామధ్య అప్పలనరసమ్మ బస్సు దిగి మా ఇంటికొచ్చింది. నీలవేణి ఏమీ అడగకుండా నా వెనక తలుపు తీసింది. ముసలావిడ ఎక్కి కూర్చుని, సీటు నిమురుతూ ఉండిపోయింది. నీలవేణి తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"తల ఏ పక్కకెట్టుకుందో నా తల్లి" అంది చివరికి.

నీలవేణికి తెలీదు. గౌరునాయుడికీ తెలీదు. తెలిసినవారు భూషణం గారు, ఆయన లేరు.

ఎడమ తలుపు వైపు.