ఈశాన్యం మూల మోత

నేను ఒక స్టూడియో స్పీకర్ని. వాపసు వచ్చిన సరుకంతా పడేసే గోదాములో, ఒక విరిగిన మిక్సీకీ ఎవరికో పట్టని చెప్పుల పెట్టెకీ మధ్య, నా జంట స్పీకర్ పక్కన పడి ఉన్నాను. నా ఒంటి మీద ‘లోపం ఉంది’ అని చీటీ అంటించారు. అది చూసినప్పుడల్లా నాకు మనుషుల మీద రోత పుడుతుంది. లోపం ఎవరిలో ఉందో చెబుతాను, వినండి.

ఇళ్లలో ఉండే మామూలు స్పీకర్లు పాటకి తాలింపు పెట్టి వినిపిస్తాయి. మేం అలా కాదు. మైకు ముందు ఎవరైనా గుటక వేస్తే గుటక, కుర్చీ కిర్రుమంటే కిర్రు, ఉన్నది ఉన్నట్టు బయటపెడతాం. ఫ్యాక్టరీలో మమ్మల్ని పరీక్షించినామె ఒక పూటంతా చెవి ఒగ్గి విని మరీ ముద్ర వేసింది. పాటలు రికార్డు చేసేవాళ్లు తమ తప్పులు దిద్దుకోవడానికే మమ్మల్ని కొనుక్కోవాలి. కానీ ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

మమ్మల్ని ఆన్‌లైన్లో తెప్పించుకున్నవాడు తణుకులో ఉండే ఫణీంద్ర. మేడ మీద గదికి నల్ల స్పాంజి అంటించి రికార్డింగ్ గది అని పేరు పెట్టాడు. మూడు నెలలు రివ్యూలు చదివి మమ్మల్ని ఎంచుకున్నాడట. మేం రాగానే పెట్టె విప్పుతూ వీడియో తీసుకున్నాడు. అది సరిగ్గా రాలేదని మమ్మల్ని మళ్లీ పెట్టెలో పెట్టి, టేపు వేసి, మళ్లీ కొత్తగా ఆశ్చర్యపోతూ విప్పాడు. నాకు అప్పుడే వెగటేసింది.

ఆ గదిలో ఈశాన్యం మూల చేపల తొట్టి ఉంది. ఎవరో వాస్తు ఆయన పెట్టించాడట. నీళ్లలోకి గాలి ఊదే మోటారు ఆగకూడదట, ఆగితే కలిసొచ్చేది కూడా ఆగిపోతుందట. అది రోజంతా గుయ్‌మంటూనే ఉంటుంది. విని విని ఫణీంద్ర చెవికి ఆ మోత వినపడడం మానేసింది. మైకుకి మాత్రం వినపడుతుంది. తన గొంతు రికార్డు చేసుకుని మాలోంచి వినగానే, పాట అడుగున గుయ్‌మని మోత. మొహం మాడ్చుకున్నాడు. వైర్లు మార్చాడు, నన్ను రెండు చరిచాడు, ఫోనులో ఎవరో స్నేహితుణ్ని అడిగాడు. తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, లోపమంతా మాలోనే ఉందని తేల్చి, వాపసు తీసుకోమని ఫిర్యాదు పెట్టి, మమ్మల్ని పెట్టెలో కుక్కాడు. పట్టుకెళ్లాల్సినవాళ్లు గుమ్మం దాకా రాకుండానే ‘ఇల్లు తాళం వేసి ఉంది’ అని రెండుసార్లు రాసుకున్నారు. అలా రెండు వారాలకు పైగా ఆ గదిలోనే ఉండిపోయాను. ముందే పోయినా బాగుండేది, అదంతా వినే ఖర్మ తప్పేది.

మమ్మల్ని పెట్టెలో కుక్కిన మర్నాడే దమయంతి గారు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లలో అప్పగింతల పాటలు పాడే మనిషి ఆవిడ. గొంతులో పుండు లేచింది. నాలుగు రోజుల్లో ఆపరేషన్, స్వరపేటిక మొత్తం తీసేస్తారు. కూతురు హైమకి పెళ్లి కుదిరి ఉంది.

“ఊళ్లో అందరి పెళ్లిళ్లకీ పాడిందండి మా అమ్మ. నా పెళ్లికి ఈ రికార్డే దిక్కండి. కాస్త జాగ్రత్తగా చెయ్యండి” అంది హైమ.

తనకి చెప్పాలా అన్నట్టు నవ్వాడు ఫణీంద్ర. ఆవిడ పన్నెండు పాటలు పాడారు. మధ్యలో దగ్గు వస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. పెట్టెలో ఉన్న నాకే ఒళ్లు జలదరించింది. మోటారు మాత్రం ఆగలేదు. ఫణీంద్ర తన పాత హోమ్ థియేటర్లో దబదబల మధ్య ఒకసారి విని, అదిరిందన్నాడు.

పన్నెండు రోజులకి తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. ప్రతి పాట కిందా ఏదో మోత వస్తోందని, తీసెయ్యడానికి వీలవుతుందా అని హైమ అడిగింది. మోత పాటలో ఉండదని, వినే స్పీకర్లో ఉంటుందని ఫణీంద్ర వాదించాడు. చెడ్డ స్పీకర్ ఎలా మోగుతుందో చూపిస్తానని మమ్మల్నే పెట్టెలోంచి తీసి తగిలించాడు.

దమయంతి గారి గొంతు నాలోంచి పలికింది. మెడకి గుడ్డ చుట్టుకుని, చేతిలో నోటుపుస్తకంతో ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. హైమ మొహం పక్కకి తిప్పుకుంది. పాట అడుగున గుయ్‌మంటూ అదే మోత. దాచడం నాకు చేతకాదు. ఆ ఒక్కరోజు చేతనైతే బాగుండుననిపించింది.

దమయంతి గారు లేచి, తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేశారు. గదిలో మోత ఆగింది. పాటలో మోత ఆగలేదు.

“అది ఆపకూడదండి. వాస్తుకి పెట్టిందండి” అన్నాడు ఫణీంద్ర.

అప్పుడే కోసిన ఆ గొంతు ముందు నిలబడి అన్నాడు ఆ మాట. ఇంత నీచం నేను వినలేదు.

ఆవిడ నోటుపుస్తకంలో ఏదో రాసి కూతురికిచ్చారు. హైమ పైకి చదివింది.

“పాడేటప్పుడే వినపడింది బాబూ. పని తెలిసినవారు, మీకు తెలీదా అని ఊరుకున్నాను.”

ఫణీంద్ర వంగి, ప్లగ్గు మళ్లీ పెట్టాడు.