ఫేజు పోయింది

నేను ఒక తీగను. తీగ అనగానే మీకు మల్లెపందిరి గుర్తొస్తే అది నా తప్పు కాదు. నల్లగా, బొటనవేలంత లావుగా ఉంటాను. ఒక చివర కారుకి తగిలించే మూతి, రెండో చివర మూడు కాళ్ళ ప్లగ్గు, మధ్యలో ఇటుకంత డబ్బా. డబ్బా మీద ఓ దీపం. పచ్చగా వెలిగితే కారులోకి కరెంటు ఎక్కుతున్నట్టు, ఎర్రగా వెలిగితే ఆ ఇంట్లో ఎర్తింగు సరిగ్గా లేనట్టు. మనుషులకి ఇలాంటి దీపం ఎవరూ పెట్టలేదు కాబట్టి వాళ్ళు ఏం మాట్లాడినా చెల్లిపోతోంది.

పుట్టగానే ఫ్యాక్టరీలో నన్ను నీళ్ళలో ముంచారు, వంచారు, మెలితిప్పారు. ఆ తర్వాత సంచిలో చుట్టిపెట్టి ఓ తెల్ల కారు డిక్కీలో పడేశారు. ఆ కారుని రాజమండ్రిలో ముకుందరావు కొన్నాడు.

ముకుందరావు ఆడిటరు దగ్గర లెక్కలు చూసే మనిషి. కారు కొనేముందు నెలల తరబడి కూడికలు, తీసివేతలు వేశాడట. పెట్రోలు కారుకంటే దీనికి ముందు పెట్టేది బాగా ఎక్కువ. కానీ కిలోమీటరుకి అయ్యే ఖర్చు టీ ఖరీదులో పదో వంతు. ఆయిలు మార్చే పని లేదు, క్లచ్చు అరిగే భయం లేదు. ఎక్కువ పెట్టింది కొన్నేళ్ళలో వెనక్కొచ్చేస్తుంది. అన్నీ ఆలోచించాడు మహానుభావుడు, ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నది తప్ప. ఆయన ఉండేది నాలుగో అంతస్తులో, కారు ఉండేది సెల్లారులో. నేను సాగిలపడి పాకినా మొదటి అంతస్తు దాటలేను.

సెల్లారులో ప్లగ్గు పెట్టుకుంటానంటే అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఒప్పుకోలేదు.

"మీ కారు తాగే కరెంటుకి మేమంతా బిల్లు కట్టాలా ముకుందరావుగారూ?"

"నా మీటరు నుంచే వేరే వైరు లాక్కుంటానండీ."

"మీటింగులో పెడదాం."

ఆ మీటింగు ఎప్పుడో ప్రెసిడెంటుగారికే తెలీదు. రోడ్డు పక్కన గంటలో ఛార్జింగ్ ఎక్కించే స్టేషన్లున్నాయిగానీ అక్కడ యూనిట్ ధర ఇంటి ధరకి రెండు మూడింతలు. ముకుందరావుకి ప్రాణం ఒప్పలేదు. అప్పుడాయనకి బంధువులు గుర్తొచ్చారు.

సొంత ఇల్లు, వాకిట్లో కారు పట్టే చోటు, పెద్ద ప్లగ్గు ఉన్న చుట్టాలందరూ ఒక్కసారిగా ఆయనకి ఆప్తులైపోయారు. ధవళేశ్వరం పిన్నిగారు, కడియం బావమరిది, బొమ్మూరు మేనత్త. అయితే చుట్టాలింటికి చేతులూపుకుంటూ వెళ్ళకూడదు కదా. వెళ్ళిన ప్రతి ఇంటికీ కిలో కాజాలో, పూతరేకులో, పళ్ళో పట్టుకెళ్ళేవాడు. వాళ్ళు ఊరుకుంటారా? భోజనం పెట్టి, వచ్చేటప్పుడు ఆయన భార్య తులజ చేతిలో జాకెట్టు ముక్క పెట్టేవారు. డిక్కీలో నా మీద జాకెట్టు ముక్కలు దొంతరలుగా పేరుకున్నాయి. ఆదా చేసిన కరెంటు కంటే పట్టుకెళ్ళిన కాజాలే ఎక్కువవుతున్నాయని తులజకి తెలుసు, నాకూ తెలుసు. లెక్కల మనిషికి మాత్రం తట్టలేదు.

ఆయన వెళ్ళని ఇల్లు ఒక్కటే. రావులపాలెం దాటాక గోగులంకలో ఉండే సొంత అక్క భ్రమరాంబగారి ఇల్లు. ఫ్లాటు గృహప్రవేశానికి అక్కని బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, అంత దూరం పెట్రోలు దండగని ఫోన్లో పిలిచాడు. "ఫోన్లో పిలిస్తే ఫోన్లోనే వస్తాను" అందావిడ. రాలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు. పెట్రోలు మిగిలింది, అక్క పోయింది.

ఓ పెళ్ళికి అమలాపురం వెళ్ళి వస్తున్నాం. దారిలో నమ్ముకున్న ఛార్జింగ్ స్టేషను దగ్గర 'మరమ్మతులో ఉంది' అని అట్ట వేలాడుతోంది. బ్యాటరీ అడుగంటింది. ఏసీ ఆపేశారు, పాటలు ఆపేశారు, కారు బరువు తగ్గుతుందన్నట్టు ముకుందరావు ఊపిరి కూడా బిగబట్టాడు. చేరగలిగిన చుట్టాలిల్లు ఒక్కటే.

"చచ్చినా అక్క దగ్గరికి వెళ్ళను" అన్నాడాయన.

"వెళ్ళకపోతే తోసుకెళ్ళాలి. మీరు తొయ్యండి, నేను స్టీరింగు తిప్పుతాను" అంది తులజ.

భ్రమరాంబగారు గుమ్మంలోనే నిలబడి చూసింది. ఇడ్లీ పిండి రుబ్బి ఊరంతటికీ అమ్మే మనిషి, చేతులింకా తడిగా ఉన్నాయి. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానట్రా?" అంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ముకుందరావు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. తులజ ఆయన్ని పక్కకి నెట్టి, పెళ్ళిలో ఇచ్చిన కుంకుమ పొట్లం విప్పి, "మీకు బొట్టు పెట్టడానికే వచ్చాం వదినగారూ" అంటూ నుదుట దిద్దేసింది.

అంత అందమైన అబద్ధం నేనెప్పుడూ వినలేదు. కానీ భయం కూడా వేసింది. కేవలం కరెంటు కోసం వచ్చామని ఆవిడకి తెలిస్తే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. భోజనాలయ్యాక, "ఎలాగూ వచ్చాం కదక్కా, కారుకి కాస్త…" అని ముకుందరావు నసిగాడు. వెనక వరండాలో గ్రైండరు కోసం వేయించిన పెద్ద ప్లగ్గు ఉంది. వణుకుతూ అందులో దూరాను. దీపం పచ్చగా వెలిగింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గోగులంకే. వెళ్ళగానే నన్ను ప్లగ్గులో పెట్టడం, తిని ముందుగదిలో ఫ్యాను కింద ముకుందరావు నిద్రపోవడం. సాయంత్రానికి నిండాల్సిన బ్యాటరీ ఎప్పుడూ సగంలోనే ఉండేది.

"ఛార్జింగ్ ఆగిపోయింది అక్కా! ఫ్యాను తిరుగుతోంది కదా, కరెంటు ఉన్నట్టేగా?"

"ఇంటికి వచ్చేది వేరురా, పెద్ద ప్లగ్గుకి వచ్చేది వేరు. ఆ ఫేజు పోయింది. వస్తుందిలే. ఈలోగా పెసరట్లు పోస్తాను."

ముకుందరావు కరెంటు ఆఫీసువాళ్ళని తిడుతూ పెసరట్లు తినేవాడు. తర్వాత కాఫీ. తర్వాత చిన్నప్పటి కబుర్లు, అమ్మ పోయినప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో ఆ కబుర్లు. ఫేజు ఎక్కడికీ పోలేదు. ఆయన గురక మొదలవగానే భ్రమరాంబగారు పిల్లిలా వరండాలోకొచ్చి, ఎడమచేత్తో నా స్విచ్చి ఆర్పేసి, ఏమీ ఎరగనట్టు పిండి రుబ్బుకునేది. తమ్ముడు దేనికోసం వస్తున్నాడో ఆవిడకి మొదటిరోజే అర్థమైపోయింది. నా డబ్బా మీద దీపం ఆరిపోయిన ప్రతిసారీ నాకు నవ్వాగేది కాదు.

ఇంతలో మా ప్రెసిడెంటుగారి అల్లుడు కరెంటు కారు కొనుక్కుని అత్తారింటికొచ్చాడు. మర్నాడే మీటింగు జరిగింది, మర్నాడే తీర్మానం అయింది. ఎవరి మీటరు నుంచి వాళ్ళు వైరు లాక్కోవచ్చట. సెల్లారు గోడకి ముకుందరావు నిగనిగలాడే ఛార్జరు బిగించుకున్నాడు. నన్ను సంచిలో చుట్టి జాకెట్టు ముక్కల కింద పెట్టాడు.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. "ఏరా, రావట్లేదేం?" అని అక్క ఫోను. "ఆడిట్ల కాలం అక్కా, ఊపిరాడట్లేదు" అని ఈయన. అప్పుడాయన చేస్తున్న పని, టీవీలో వంటల కార్యక్రమం చూడ్డం. ఇంతకాలం రెండిళ్ళ మధ్యా ఉన్న బంధం నేనేనా, నాతోనే తెగిపోయిందా అనిపించి, వైరునైనా నాకు ఏడుపొచ్చింది.

ఒక శనివారం తులజ సెల్లారులోకి దిగింది. డిక్కీ తెరిచి నా సంచి సర్దుతున్నట్టు నటించి, అటూ ఇటూ చూసి, గోడ ఛార్జరు పక్కనున్న చిన్న డబ్బా తెరిచి, ఛార్జరుకి కరెంటు అందకుండా బ్రేకరు కిందికి నొక్కేసింది.

ఆదివారం పొద్దున్న ముకుందరావు కారుకి ఛార్జింగ్ ఎంత ఎక్కిందో ఫోన్లో చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత డబ్బు పోసి పెట్టిస్తే అప్పుడే పాడైంది! మెకానిక్ రేపటిదాకా రాడట."

"మరి ఎలాగండీ?" అంది తులజ అమాయకంగా.

"ఎలాగేమిటి, అక్క ఉందిగా! దారిలో కాజాలు తీసుకుందాం."

గోగులంకలో అంతా మామూలే. బొట్టు, భోజనం, గురక. అయితే ఈసారి వరండాలోకి ముందు వచ్చింది తులజ. చెయ్యి స్విచ్చి మీద వేసింది. సరిగ్గా అప్పుడే రెండో చెయ్యి, పిండి అంటిన చెయ్యి, అదే స్విచ్చి మీద పడింది. వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భ్రమరాంబగారు కొంగు నోట్లో కుక్కుకుంది. తులజ గోడకి ఆనుకుని నవ్వు ఆపుకోలేక కిందికి జారిపోయింది. నవ్వుతూనే భ్రమరాంబగారు కళ్ళు తుడుచుకుంది.

నేనిప్పుడు కొంచెం పాతబడ్డాను. మూతి గీసుకుపోయింది, డబ్బా మీద పిండి మరకలున్నాయి. ఇంతవరకూ ఒక్క ఆదివారం కూడా కారుని నిండా నింపి ఎరగను. తీగగా అది నాకు సిగ్గుచేటే అయినా, నేను బాధపడటం లేదు.

ఆ రోజు వరండాలో వాళ్ళిద్దరి నవ్వూ ఆగకముందే ముందుగదిలో గురక ఆగింది. "అక్కా, ఛార్జింగ్ ఎక్కుతోందా?" అని కేక వేశాడు ముకుందరావు.

ఇద్దరూ ఒక్కసారే జవాబిచ్చారు. "ఫేజు పోయింది!"